బెంగళూరులో గుడ్లగూబల వేట, 3వ పాఠం: కొమ్మ కన్నా ముందు నేల చూడండి

పోయిన పాఠంలో పైడికంటి, అంటే ఒంటి మీద తెల్ల చుక్కలుండే చిన్న గుడ్లగూబ, కూత గుర్తుపట్టడం నేర్చుకున్నాం. వారం రోజులు సందె వేళ డాబా మీద కూర్చుని విన్నవాళ్లకు ఆ కీచుమనే గోల ఈపాటికి చెవిలో పడిపోయి ఉంటుంది. ఈ వారం అది పగలు తలదాచుకునే చెట్టును వెతుకుదాం. కెమెరా ఇప్పుడే వద్దు.

మొదలుపెట్టడానికి లాల్‌బాగ్ కన్నా మంచి చోటు లేదు. 1760లో హైదర్ అలీ మొదలుపెట్టిన తోట, 240 ఎకరాలు. మనకు కావాల్సింది అక్కడి ముసలి చెట్లు. పైడికంటి పుల్లలు ఏరి గూడు కట్టదు, తొర్రలోనే కాపురం. తొర్ర పడాలంటే చెట్టుకు వయసు రావాలి. అందుకే కొత్త లేఅవుట్లలో నాటిన మొక్కల మధ్య ఎంత తిరిగినా లాభం ఉండదు.

చాలామంది వెళ్లగానే తలెత్తి కొమ్మలు వెతుకుతారు. పిట్ట పొడవు 21 సెంటీమీటర్లు, మైనా కంటే కొంచెమే తక్కువ, రంగేమో బెరడు రంగు. దొరకదు. మాను మొదట్లో నేల చూడండి. సున్నం చిందినట్టు తెల్లటి మరకలున్నాయా? ఒక్కటే అయితే కాకి రెట్ట కావచ్చు. ఒకేచోట పొరలు పొరలుగా పడి ఉంటే ఆగండి. దగ్గర్లో బూడిదరంగు ఉండలు ఉన్నాయేమో వెతకండి. గుడ్లగూబ ఎలుకనో బల్లినో పురుగునో తిన్నాక అరగని ఎముకలను, బొచ్చును, రెక్కల పెంకులను ఉండగా చేసి నోటి నుంచి కక్కేస్తుంది. పుల్లతో విప్పి చూడండి, తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోండి. పేడపురుగు నల్లటి పెంకులు, ఎలుక దవడ ఎముక, సూదిమొనంత పళ్లు కనిపిస్తాయి. మొదటిసారి ఆ దవడను అరచేతిలో పెట్టుకున్న రోజు నేను ఆఫీసుకు ఆలస్యంగా వెళ్లాను. పిట్టను చూడకుండానే దాని రాత్రి భోజనం నాకు తెలిసిపోయింది!

రెండో ఆనవాలు చెవికి. ఉడతలు ఆపకుండా టిక్కుటిక్కుమంటున్నా, మైనాలు, పికిలిపిట్టలు ఒక్క కొమ్మ చుట్టూ చేరి అరుస్తున్నా అక్కడ గూబ ఉండే అవకాశం ఎక్కువ. హిందూపురం నుంచి వచ్చి లాల్‌బాగ్‌లో తోటపని చేసే పెద్దాయన ఒకరు నన్ను చూడగానే, "ఆ పక్క కాకులు శానా గోల చేస్తాండాయి, పో సామీ" అనేవారు. ఆయన చెప్పిన చోట దాదాపు ప్రతిసారీ ఉండేది.

కనబడ్డాక దూరం గురించి. దాని కళ్లు గుంటల్లో కదలవు, అందుకే తలనే 270 డిగ్రీల దాకా తిప్పుతుంది. వెనకనుంచి వెళితే చూడదులే అనుకోకండి. సగం కళ్లు మూసి ఉబ్బిన బంతిలా కూర్చుంటే హాయిగా ఉన్నట్టు. ఒళ్లు బిగించి నిటారుగా, సన్నగా అయిందా, తల పైకీ కిందకీ ఊపుతోందా, మీ వల్ల దానికి టెన్షన్. వెంటనే నాలుగడుగులు వెనక్కి వేయండి. మొదటి ఏడాది నేను ఆ మాట వినలేదు. ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ దగ్గరకు పోయాను. అది మిట్టమధ్యాహ్నం ఎగిరిపోయింది, నాలుగు కాకులు వెంటపడి తరిమాయి. ఆ ఫొటో నా దగ్గర ఇంకా ఉంది, ఎవరికీ చూపించను.

మూడుసార్లు వెళ్లొచ్చాక కెమెరా తీయండి. డిసెంబరు, జనవరి పొద్దుల్లో చలికి తొర్ర అంచున ఎండ కాగుతూ కూర్చుంటుంది, అంతకంటే మంచి వెలుతురు దొరకదు. 400 ఎంఎం లెన్స్, సెకనులో 250వ వంతు షటర్, ఐఎస్ఓ 800తో మొదలుపెట్టండి. ఫ్లాష్ వద్దే వద్దు. ఫోన్లో కూత వినిపించి పిలవడమూ వద్దు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా గుడ్లు, పిల్లల కాలం. ఆ కూత విని, లేని పగవాడి కోసం అది పిల్లలను వదిలి బయటికొస్తుంది.

ఫొటో పంచుకోండి, చెట్టు ఎక్కడుందో మాత్రం చెప్పకండి. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం పట్టడం, అమ్మడం నేరమే అయినా, దీపావళి ముందు క్షుద్రపూజల కోసం గుడ్లగూబలను పట్టి అమ్మేవాళ్లు ఇంకా ఉన్నారు. నా చెట్టు ఏదో మీకూ చెప్పను.

ఈ వారం పని: ఒక చెట్టు ఎంచుకుని మూడు రోజులు దాని కింద నేలను మాత్రమే చూసి, కనిపించినవి తేదీ, టైముతో నోట్‌బుక్‌లో రాయండి. వచ్చే పాఠంలో హెసరఘట్ట గడ్డిభూములకు వెళదాం. అక్కడ చలికాలంలో నేల మీదే కూర్చునే వలస గుడ్లగూబ కోసం వెతకాలి.