ఒకప్పుడు ఉన్న నగరానికే మళ్లీ ఉద్యోగానికి వెళ్తున్నారా? ఈ జాగ్రత్తలు చూసుకోండి

• ఆఫర్ లెటర్ చేతికి రాకముందే ఉన్న ఉద్యోగానికి రాజీనామా ఇవ్వొద్దు.

• అప్పటి అద్దెలు మర్చిపోండి. ఇప్పటి రేట్లు కనుక్కున్నాకే జీతం మాట్లాడండి.

• వెళ్లగానే ఇంటికి అడ్వాన్స్ కట్టేయకండి. 2, 3 వారాలు తాత్కాలికంగా ఎక్కడైనా ఉండి, ఆఫీసు వేళల్లోనే ఆ దారిలో వెళ్లి చూడండి. ఆదివారం 20 నిమిషాల్లో అయిపోయే ప్రయాణం సోమవారం గంట దాటొచ్చు. పాత ఏరియా మీద మమకారం ఉంటుంది, నాకూ ఉండేది. ఆఫీసు ఊరికి అటు చివర ఉంటే నెల తిరక్కుండానే అది ట్రాఫిక్‌లో కరిగిపోతుంది.

• బ్యాంకులో పాత అడ్రస్, పాత ఫోన్ నంబర్ ఉంటే ముందే మార్పించుకోండి. ఓటీపీ రాకపోతే అదో టెన్షన్.

• పాత స్నేహితులకు ఇప్పుడే ఫోన్ చేయండి. కొందరు ఊరు మారిపోయి ఉంటారు.