వాడిన పాకెట్ ట్రంపెట్‌కు ధర కట్టడం ఎలా?

పెట్టె మూత తీయగానే తళతళలాడుతూ, జానెడు పొడవున్న ట్రంపెట్ కనిపిస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. నాకూ వేసింది. మొదటిసారి పాకెట్ ట్రంపెట్ కొన్నప్పుడు ఆ మెరుపు చూసే డబ్బులిచ్చేశాను. ఇంటికొచ్చి ఊదబోతే వేళ్లతో నొక్కే మూడు పిస్టన్లలో రెండోది కిందికి దిగింది, మళ్లీ పైకి రానంది. బాగుచేయడానికి ఎంతవుతుందని అడిగితే, చెప్పిన అంకె నేను కొన్న ధర కంటే ఎక్కువ. పిట్ట కొంచెమే, రిపేరు మాత్రం ఘనం!

వాయిద్యం చిన్నదైనంత మాత్రాన మరమ్మతు ఖర్చు చిన్నదైపోదు. గొట్టాలు ఇరుగ్గా చుట్టుకుని ఉంటాయి కాబట్టి పనిముట్టు లోపలికి దూరక ఒక్కోసారి పెద్ద ట్రంపెట్ కంటే ఎక్కువే అవుతుంది. కొనేవాళ్లా, అమ్మేవాళ్లా అన్నదానితో పనిలేదు, ధర కట్టేటప్పుడు ఈ ఒక్క సంగతి నుంచే లెక్క మొదలుపెట్టాలి.

1. అసలు అది పాకెట్ ట్రంపెటేనా?

పికలో ట్రంపెట్‌ను పాకెట్ ట్రంపెట్ అనీ, పాకెట్ ట్రంపెట్‌ను పికలో అనీ రాసి అమ్మకానికి పెట్టడం మామూలే. రెండూ వేరు. పికలో గొట్టం పొడవే సగం ఉంటుంది, శ్రుతి ఒక స్థాయి పైన పలుకుతుంది, చాలావాటికి నాలుగు వాల్వ్‌లుంటాయి (పిస్టన్, అది కదిలే గొట్టం కలిపితే వాల్వ్). పాకెట్ ట్రంపెట్ మామూలు బి ఫ్లాట్ ట్రంపెట్టే. గొట్టం పొడవు అదే, సుమారు నాలుగున్నర అడుగులు. కాకపోతే ఎక్కువ చుట్లు తిప్పి దగ్గరగా మడిచారు. ఏ స్వరానికి ఏ వేళ్లు నొక్కాలన్నది కూడా అదే. మంచి పికలో ఖరీదు చాలా ఎక్కువ కాబట్టి ఈ పేరు పొరపాటు ధరను ఎటైనా లాగేస్తుంది.

తర్వాత స్కేలు తీసుకుని బెల్ (శబ్దం బయటికొచ్చే గరాటు లాంటి మూతి) వెడల్పు కొలవండి. మామూలు ట్రంపెట్ బెల్ 12 సెం.మీ. పైచిలుకు ఉంటుంది. పాకెట్ ట్రంపెట్లలో కొన్నిటికి 10 సెం.మీ. దగ్గరే ఆగిపోతుంది, మరికొన్నిటికి దాదాపు పెద్దదానంతే ఉంటుంది. పెద్ద బెల్ ఉన్నవాటి నాదం ట్రంపెట్‌కు దగ్గరగా ఉంటుందని వాయించేవాళ్లు వాటికే మొగ్గుతారు. చిన్న బెల్ ఉన్నది సంచిలో ఇట్టే ఇమిడిపోతుంది. ప్రయాణాలు చేసేవాళ్లకు అదే కావాలి.

2. పేరు, సీరియల్ నంబరు

బెల్ మీద చెక్కిన పేరు, వాల్వ్ గొట్టం మీద (ఎక్కువగా రెండోదాని మీద) కొట్టిన నంబరు రాసుకోండి. పేరే లేకపోయినా, వెతికితే ఎక్కడా ఆనవాలు దొరకని పేరున్నా, ఎరుపు నీలం లాంటి రంగు పూత వేసి ఉన్నా, అది చౌకరకమని ముందే అనుకుని మొదలుపెట్టడం మంచిది. ఒకే ఫ్యాక్టరీ సరుకు మీద పది రకాల పేర్లు చెక్కించడం ఈ వ్యాపారంలో ఏనాటి నుంచో ఉన్నదే.

తైవాన్ కంపెనీలైన కెరొల్‌బ్రాస్, జూపిటర్, చెక్ కంపెనీ అమాటి, పాత అమెరికన్ పేరు హోల్టన్ లాంటివి కనిపిస్తే పోల్చి చూసుకోవడానికి పాత అమ్మకాలు దొరుకుతాయి. అమెరికన్ తయారీదారు కాన్‌స్టుల్ 2019లో మూతపడింది. అలాంటివాటికి కొత్తదాని ధరతో పోల్చి లెక్కకట్టడం కుదరదు, నిజంగా ఎంతకు అమ్ముడయ్యాయో ఆ ధరలే దిక్కు.

19వ శతాబ్దపు పాకెట్ కార్నెట్ (ట్రంపెట్‌ను పోలిన వాయిద్యం) చేతికొస్తే మాత్రం ఈ పద్ధతి పక్కన పెట్టేయండి. అది సేకర్తల సరుకు. దాని మౌత్‌పీస్ గొట్టం కొలత వేరు కావచ్చు, శ్రుతి కూడా నేటి శ్రుతికి కలవకపోవచ్చు. దాన్ని పాలిష్ చేయకుండా తెలిసినవాళ్లకు చూపించడమే మేలు.

3. వాల్వ్‌లు: సగం ధర ఇక్కడే తేలుతుంది

సొట్ట పడితే తీయొచ్చు, పూత పోతే పోనీ అనుకోవచ్చు. అరిగిన పిస్టన్‌ను తిరిగి పూత పోసి, గొట్టానికి సరిపడేలా సానబట్టించడమంటే మామూలు ఖర్చు కాదు. చాలా పాకెట్ ట్రంపెట్లకు ఆ ఖర్చు వాటి మొత్తం ధరను మించిపోతుంది. కాబట్టి ఇక్కడ తొందరపడకండి.

ముందు ఒక్కో వాల్వ్‌ను మెల్లగా, తర్వాత వేగంగా, ఆపైన వేలిని కాస్త పక్కకు వంచి నొక్కండి. పక్కకు నొక్కినప్పుడు రాసుకుంటూ ఆగితే మురికి పట్టి ఉండాలి, లేదా గొట్టం వంగి ఉండాలి. నూనె వేయగానే సర్దుకుంటే మురికి. సర్దుకోకపోతే రెండో వాల్వ్ స్లైడ్ వైపు చూడండి (ప్రతి వాల్వ్‌కూ అతికి, బయటికి లాగగలిగే వంపు గొట్టమే స్లైడ్). అది బయటికి పొడుచుకుని ఉండే చిన్న స్లైడ్. వాయిద్యం ఆ పక్కకు పడిందంటే దెబ్బ నేరుగా వాల్వ్ గొట్టానికే తగులుతుంది. గొట్టం వెంట్రుకవాసి నొక్కుకుపోయినా పిస్టన్ పట్టేస్తుంది. నేను కొన్నదానికి జరిగింది అదే. ఆ స్లైడ్ కొద్దిగా ఒరిగి ఉందని ఫోటోలో కూడా తెలుస్తోంది. నేనే చూడలేదు.

తర్వాత గాలి నిలుస్తుందో లేదో చూడాలి. వాల్వ్ నొక్కకుండా దాని స్లైడ్‌ను చటుక్కున బయటికి లాగండి. సీసా మూత తీసినట్టు ‘టప్’మని గట్టిగా వస్తే పిస్టన్‌కూ గొట్టానికీ మధ్య సందు తక్కువగా ఉన్నట్టు. నీరసంగా ‘ఫుస్’మంటే గాలి తప్పించుకుంటోంది. మూడింటికీ ఇలాగే చేయండి, ఒక్కోదానికి ఒక్కసారి చాలు. ఇక్కడో కిటుకుంది. చిక్కటి నూనె దట్టంగా పోస్తే అరిగిన పిస్టన్ కూడా కాసేపు బ్రహ్మాండంగా ‘టప్’మంటుంది. అందుకని పిస్టన్లు బయటికి తీసి, మెత్తటి గుడ్డతో తుడిచి, పల్చటి నూనె రెండు చుక్కలు వేసి మళ్లీ లాగి చూడండి.

పిస్టన్ చేతిలో ఉండగానే దాని ఒంటిని వెలుతురులో తిప్పండి. నికెల్ పూత వేసినదైతే, పూత అరిగిన చోట కింది లోహం పసుపుగానో రాగిరంగులోనో మచ్చలుగా బయటపడుతుంది. మోనెల్ (నికెల్, రాగి కలిసిన మిశ్రలోహం) పిస్టన్లు బూడిదరంగులో ఉంటాయి, వాటికి పూతే ఉండదు కాబట్టి ఊడేది కూడా ఏమీ లేదు. నిలువు గీతలు సన్నగా ఉంటే పర్లేదు. గోరు పెడితే తగిలేంత లోతుగా ఉంటే మాత్రం ధర తగ్గించాలి.

ఒక్కోసారి ఇదంతా తిరగబడి లాభం కూడా వస్తుంది. ‘గాలే పోవడం లేదు, పనిచేయదు’ అని ఒకాయన కారుచౌకగా ఇచ్చేసిన పాకెట్ ట్రంపెట్ ఒకటి నా దగ్గరుంది. విప్పి చూస్తే ఒకటో పిస్టన్ మూడోదాని చోట, మూడోది ఒకటోదాని చోట ఉన్నాయి. పిస్టన్ల మీద అంకెలు కొట్టి ఉంటాయి. వాటి చోట వాటిని పెట్టాను, పలికింది.

4. ఇత్తడి ఆరోగ్యం

మౌత్‌పీస్ పెట్టే గొట్టాన్ని లీడ్‌పైప్ అంటారు. ఊపిరి, ఉమ్ము ముందు తగిలేది దానికే. ఏళ్ల తరబడి కడగకుండా వాడితే ఇత్తడిలోని జింకు కొట్టుకుపోయి రాగి ఒక్కటే మిగులుతుంది. దీన్నే రెడ్ రాట్ అంటారు. బయటికి గులాబీరంగు చుక్కలుగా, ఒక్కోసారి మధ్యలో నల్లటి బొట్టుతో కనిపిస్తుంది. అది లోపల మొదలై బయటికి వచ్చే జబ్బు కాబట్టి బయట చుక్క కనిపించేసరికి లోపల గొట్టం గుల్లబారి ఉంటుంది. ఎంత తోమినా పోదు. పెద్ద ట్రంపెట్‌కైతే కొత్త లీడ్‌పైప్ తెచ్చి అతికించొచ్చు. పాకెట్ ట్రంపెట్‌లో ఆ గొట్టం వంపులు తిరిగి ఉంటుంది కాబట్టి సరిపోయేది దొరకడమే కష్టం.

అయితే ఎర్రగా కనిపించిందల్లా జబ్బేనని భయపడొద్దు. కొన్ని వాయిద్యాలకు రాగి పాలు ఎక్కువున్న ఇత్తడితోనే ఈ గొట్టం చేస్తారు. మామూలు పసుపు ఇత్తడిలో రాగి 70 శాతం, జింకు 30 శాతం. రాగి 85, 90 శాతానికి పెరిగితే రంగు సహజంగానే ఎర్రబారుతుంది. రంగు గొట్టమంతా ఒకే తీరుగా ఉంటే లోహం తీరే అంత. చుక్కలు చుక్కలుగా ఉంటే జబ్బు.

వెండి పూత నల్లబడితే ధర తగ్గించక్కర్లేదు, తుడిస్తే వచ్చేస్తుంది. అదే వెండి అరిగి పసుపు తేలిందంటే అది పోయినట్టే. మొత్తం కొత్తగా మెరుస్తున్నా బెల్ మీది చెక్కడం మసకగా, అంచులు కరిగినట్టుగా ఉంటే మళ్లీ పాలిష్ పట్టి ల్యాకర్ (పైన వేసే పారదర్శక పూత) కొట్టారని అర్థం. పాలిష్ పట్టినప్పుడు లోహం కూడా కొంత పోతుంది. పైన పటారం, లోన లొటారం అనిపించేవి ఇవే.

స్లైడ్‌లన్నీ కదులుతున్నాయా? మౌత్‌పీస్ ఊడి వస్తోందా? అతుకులు ఊగుతున్నాయా? చేత్తో పట్టుకుని చూడండి. సొట్టల్లో బెల్ అంచున ఉన్నది పెద్ద విషయం కాదు. ఇరుకు వంపు లోపలి వైపున ఉన్న సొట్ట చిన్నదైనా దాన్ని తీయడం గగనం.

5. ఊది చూడండి, పక్కన ట్యూనర్ పెట్టుకుని

పాకెట్ ట్రంపెట్లలో మంచిచెడ్డలు విడిపోయేది ఇక్కడే. చూడ్డానికి కవల పిల్లల్లా ఉన్న రెండిట్లో ఒకటి శ్రుతిలో పలుకుతుంది, రెండోది పలకదు. రెండోదాన్ని ఏ మరమ్మతూ బాగుచేయలేదు, దాని పుట్టుకే అంత.

మీకు అలవాటైన మౌత్‌పీస్ పట్టుకెళ్లండి. వాయిద్యంతో వచ్చిన చౌక మౌత్‌పీస్‌తో పరీక్షిస్తే తప్పు దేనిదో తేలదు. కాసేపు ఊది వాయిద్యాన్ని వేడెక్కనిచ్చి, ట్యూనర్‌ను (స్వరం శ్రుతిలో ఉందో లేదో చూపే పరికరం) 440 హెర్ట్జ్‌కు పెట్టి, వాల్వ్ నొక్కకుండా కింది సి, జి, పై సి పలికించండి. ఇది బి ఫ్లాట్ ట్రంపెట్, అంటే దీని సి నిజానికి బి ఫ్లాట్‌గా పలుకుతుంది కాబట్టి ట్యూనర్‌లో అవి బి ఫ్లాట్, ఎఫ్, బి ఫ్లాట్ అని కనిపిస్తాయి. ట్యూనింగ్ స్లైడ్‌ను కొద్దిగా లాగి జి సరిచేసుకున్నాక రెండు సి స్వరాలూ దానికి కలవాలి. కిందిది ఒక వైపు, పైది మరో వైపు పారిపోతుంటే అది చేతిలో పెట్టుకుని ఆడుకునే బొమ్మ ధరకే తగినది.

అన్నిటినీ తప్పుపట్టొద్దు కూడా. ఒకటి, మూడు వాల్వ్‌లు కలిపి నొక్కే కింది డి, మూడూ నొక్కే సి షార్ప్ ఏ ట్రంపెట్‌లోనైనా శ్రుతికి పైనే పలుకుతాయి. మూడో స్లైడ్‌ను వేలితో జరిపి సరిచేసుకోవాలి. కాబట్టి ఆ స్లైడ్‌కు ఉంగరం ఉందా, వాయిస్తూ జరపగలమా అన్నది చూడండి. ఉంటే ధరలో ఒక మెట్టు పైకి. ఉమ్ము వదిలే మీట దగ్గర రంధ్రాన్ని వేలితో గట్టిగా మూసి ఊదండి. నాదం ఒక్కసారిగా నిండుగా మారితే ఆ రంధ్రాన్ని మూసే బెండు పాడైంది. అది చిల్లర ఖర్చు, దాన్ని చూపించి బేరమాడొచ్చు.

వాయించడం రాకపోతే వచ్చినవాళ్లను వెంటబెట్టుకెళ్లండి. దూరం నుంచి కొంటుంటే ట్యూనర్ కనిపించేలా ఊదిన వీడియో, పిస్టన్లు బయటపెట్టిన ఫోటోలు, స్లైడ్ లాగిన ‘టప్’ శబ్దం అడగండి. ఇవ్వనంటే ఆ జవాబుకు కూడా ఒక ధర ఉంటుంది.

6. ఇక అంకెలు

అదే మోడల్ కొత్తది 100 అనుకుందాం. పేరున్నది, వాల్వ్‌లు బాగున్నది, శ్రుతిలో పలికేదైతే నేను 55, 60 దగ్గర మొదలుపెడతాను. పేరులేనిదైతే ఎంత బాగున్నా 25 దాటను, ఎందుకంటే రేపు నేను అమ్మబోతే కొనేవాళ్లు ఇంకా తక్కువకే అడుగుతారు. అక్కడి నుంచి మరమ్మతు ఖర్చు పూర్తిగా తీసేయాలి, సగం సగం పంచుకుందామనే మాట వద్దు. 60 దగ్గర మొదలైనదానికి ఇరుక్కున్న స్లైడ్ తీయించడానికి 8, లోపల శుభ్రం చేయించడానికి 7 అవుతుందంటే 45 మిగులుతుంది. అసలు పెట్టె, మంచి మౌత్‌పీస్ ఉంటే రెండో మూడో కలపండి.

వచ్చిన అంకెను మార్కెట్‌తో సరిచూసుకోండి. అమ్మకానికి పెట్టిన ధరలు కోరికలు మాత్రమే. అమ్ముడుపోయినవాటి ధరలు వెతకండి, ఒకటి కాదు నాలుగైదు. పాకెట్ ట్రంపెట్ కొనేవాళ్లు తక్కువ: ప్రయాణాల్లో సాధన చేసుకునేవాళ్లు, పిల్లల చేతికి బరువు ముందుకు లాగనిది వెతికే తల్లిదండ్రులు, డాన్ చెరీ లాంటి జాజ్ కళాకారుల చేతుల్లో చూసి మోజుపడ్డవాళ్లు. అందుకే అదే వాయిద్యం ఒక నెల ఒక ధరకు, మరో నెల చాలా తేడాగా పోవచ్చు. చిన్నది కదా, శబ్దం తక్కువ వస్తుందనుకుని కొనేవాళ్లూ ఉంటారు. తక్కువేమీ రాదు. ఆ సంగతి ముందే చెప్పేస్తే అమ్మినది వెనక్కి రాదు.

7. మీరే అమ్ముతుంటే

గోరువెచ్చటి నీళ్లు, కొద్దిగా సబ్బు, లోపల తిప్పే బ్రష్, స్లైడ్‌లకు గ్రీజు, పిస్టన్లకు నూనె. ఇంతవరకే చేయండి. సలసల కాగే నీళ్లు పోస్తే ల్యాకర్ ఊడుతుంది. మౌత్‌పీస్ బిగుసుకుపోతే పట్టకారుతో తిప్పొద్దు, లీడ్‌పైప్ మెలితిరిగి అతుకులు ఊడతాయి. దాన్ని లాగడానికి వేరే పనిముట్టుంది, మరమ్మతు చేసేవాళ్ల దగ్గర నిమిషంలో వచ్చేస్తుంది. సొట్టలు సొంతంగా తీయబోవడం, కొత్త ల్యాకర్ కొట్టించడం రెండూ డబ్బు పోగొట్టే పనులే.

ఫోటోల్లో మెరుపు ఒకటి చాలు. మిగతావి సీరియల్ నంబరు, మూడు పిస్టన్లు వరుసగా, లీడ్‌పైప్ దగ్గరగా, ప్రతి సొట్ట విడిగా. సొట్ట దాచిన ఫోటో చూసి వచ్చినవాళ్లు దాన్ని కనిపెట్టాక ఇంకేం దాచారోనని మిగతావాటికీ కలిపి తగ్గిస్తారు.