మేనేజర్‌ని పీకేయాలా, ఆగాలా: తేల్చుకోవడం ఎలా

మాది తెనాలి. లండన్ దక్షిణాన క్రాయిడన్‌కి వచ్చి పదిహేనేళ్లు దాటింది. ఇక్కడి వాళ్ల ఫుట్‌బాల్ క్లబ్బు క్రిస్టల్ ప్యాలెస్, ఇప్పుడది నా క్లబ్బు కూడా. ఈస్ట్ క్రాయిడన్‌లో రైలెక్కితే తర్వాతి స్టేషన్ నార్వుడ్ జంక్షన్. అక్కణ్ణించి జనంతోపాటు నడుచుకుంటూ పోతే మా స్టేడియం, సెల్‌హర్స్ట్ పార్క్, వస్తుంది. స్టేడియానికి ఒక కొసన, గోల్‌పోస్టు వెనకాల, సెయిన్స్‌బరీస్ సూపర్‌మార్కెట్ ఉంటుంది. జట్టు ఓడిన రోజు నేరుగా ఇంటికి వెళ్లబుద్ధి కాదు. అందులో దూరి పెరుగు డబ్బా కొనుక్కుని వెళ్తాను. 2017లో ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో మా ఇంట్లో పెరుగుకి లోటు లేదు.

ఆ వేసవిలోనే ఫ్రాంక్ డి బోర్‌ని మూడేళ్ల ఒప్పందంతో మేనేజర్‌గా, అంటే జట్టుని ఎంచి ఆడించే కోచ్‌గా, తెచ్చారు. లీగ్‌లో నాలుగు మ్యాచ్‌లు, నాలుగూ ఓటమి, ఒక్క గోల్ లేదు. వచ్చిన 77వ రోజున పంపేశారు. మా స్టాండులో "పీకేయండి" అని ముందుగా అరిచినవాళ్లలో నేనొకణ్ణి. తర్వాత తీరిగ్గా కూర్చుని చూసుకుంటే, నా అరుపుకి సరైన కారణం ఒక్కటీ దొరకలేదు. అప్పట్నుంచీ ఏ జట్టు మేనేజర్ మీద గొడవ మొదలైనా ఒక తెల్ల కాగితం తీసుకుని కొన్ని విషయాలు రాసుకుంటాను. ఆ పద్ధతే మీకూ చెబుతున్నాను.

మొదటిది, మ్యాచ్ రాత్రి ఏమీ తేల్చకండి. రెండు రోజులు ఆగండి. ఆ రాత్రి మనం చెప్పేది కోపం, అభిప్రాయం కాదు.

తర్వాత కాగితం మీద ఓడిన మ్యాచ్‌లు వరసగా రాయండి: ఎవరితో, ఎక్కడ, ఎలా పోయింది. "నాలుగింట్లో నాలుగు ఓటములు" అని ఒక్క ముక్కలో రాసుకుంటే ఏమీ తెలియదు. డి బోర్ వరస ఇది. సొంత మైదానంలో హడర్స్‌ఫీల్డ్ చేతిలో 0-3. అప్పుడే పై లీగ్‌కి వచ్చిన జట్టు కాబట్టి దానికి సాకు లేదు. లివర్‌పూల్‌లో 0-1, అక్కడ ఎవరైనా ఓడతారు. మళ్లీ సొంత మైదానంలో స్వాన్సీతో 0-2, ఇదీ చెడ్డదే. చివరిది బర్న్‌లీలో 0-1. దాని దగ్గర కాసేపు ఆగాలి.

మూడో నిమిషంలో మా లీ చుంగ్-యాంగ్ వెనక్కి ఇచ్చిన పాస్ తిన్నగా బర్న్‌లీ ఫార్వర్డ్ క్రిస్ వుడ్‌కి పోయింది, గోల్. మిగతా ఎనభై ఏడు నిమిషాలూ ఆడింది మావాళ్లే. ఇరవైకి పైగా షాట్లు కొట్టారు. చివర్లో మా స్కాట్ డాన్‌కి ఖాళీగా హెడర్ (తలతో కొట్టే షాట్) దొరికితే బయటికి కొట్టాడు. టీవీ ముందు నేను సోఫా దిండు విసిరాను, అది వెళ్లి మా ఆవిడ టీ కప్పుకి తగిలింది. మర్నాడు మేనేజర్ ఉద్యోగం పోయింది. ఆ పాస్ ఇచ్చింది మేనేజరా? ఆ హెడర్ కొట్టింది మేనేజరా? స్కోరు మాత్రమే చూసే వాడికి హడర్స్‌ఫీల్డ్ మ్యాచ్‌కీ దీనికీ తేడా కనబడదు. అందుకే ఎక్స్‌జీ (ఎక్స్‌పెక్టెడ్ గోల్స్) అనే అంకె చూడండి. ఒక్కో షాట్ గోల్ కావడానికి ఎంత అవకాశం ఉందో లెక్కగట్టి కూడితే వచ్చేది అది. పెనాల్టీకి ముప్పావు పైచిలుకు వేస్తారు, ముప్పై గజాల దూరం నుంచి కొట్టే షాట్‌కి నూటికి రెండో మూడో. మ్యాచ్ మ్యాచ్‌కీ ఆ అంకె పెరుగుతున్నా గోల్స్ పడకపోతే ఆగొచ్చు. అదీ పడిపోతుంటే భయపడాలి.

ఇప్పుడు అదే కాగితం రెండోవైపు, ఆడనివాళ్ల పేర్లు రాయండి. నేను ఆ ఏడాది చేయని పని ఇదే. మా జట్టులో పదిమంది ఒక ఎత్తు, విల్ఫ్రెడ్ జాహా ఒక ఎత్తు. అతను హడర్స్‌ఫీల్డ్ మ్యాచ్‌లోనే మోకాలు దెబ్బ తగిలించుకుని కూర్చున్నాడు. మిగతా మూడు మ్యాచ్‌లూ అతను లేకుండానే. నేనేమో ఆ నాలుగూ డి బోర్ ఖాతాలో రాశాను.

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోండి. మేనేజర్ మారగానే జట్టు లేచి నిలబడుతుందని అందరం నమ్ముతాం. కొత్త కోడలు వచ్చిన వేళావిశేషం లాంటిది. బాస్ టెర్ వీల్ అనే ఆర్థికవేత్త నెదర్లాండ్స్ లీగ్ లెక్కలు తీసి చూశాడు. మేనేజర్‌ని మార్చిన జట్లు కోలుకున్నాయి, నిజమే. అంతే ఘోరంగా పడిపోయి మార్చని జట్లూ ఇంచుమించు అలాగే కోలుకున్నాయి. అడుగుకి దిగిన జట్టు ఎలాగూ కొంత పైకి వస్తుంది, ఆ సమయానికి కుర్చీలో ఉన్నవాడికి పేరొస్తుంది. అసలు పైకి రాని జట్లూ ఉంటాయనుకోండి. 2007-08లో డర్బీ కౌంటీ నవంబరులో బిల్లీ డేవిస్‌ని సాగనంపి పాల్ జ్యూవెల్‌ని తెచ్చుకుంది. ఆ సీజన్ లీగ్‌లో జ్యూవెల్ ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. మొత్తం పాయింట్లు 11.

మరి ఎప్పుడు పీకేయాలి? నేను చూసే గుర్తు ఒక్కటే: ఓడుతున్నప్పుడు మనిషి ఏదైనా మార్చుకుంటున్నాడా, లేదా. 2020 డిసెంబరులో ఆర్సెనల్ 14 మ్యాచ్‌లకి 14 పాయింట్లతో 15వ స్థానంలో ఉంది. మేనేజర్ ఆర్టెటాని తీసేయమని ఊరంతా గోల. క్రిస్మస్ మర్నాడు చెల్సీ మీద ఆయన స్మిత్ రో, సాకా, మార్టినెల్లి లాంటి కుర్రాళ్లని దింపాడు, 3-1తో గెలిచాడు. గెలుపు సంగతి పక్కన పెట్టండి, తన జట్టుని తానే మార్చుకున్నాడు. అలాంటి వాణ్ణి ఉంచొచ్చు. ప్రతి వారం అదే జట్టు, అదే ఆట, మ్యాచ్ అయ్యాక అవే మాటలు అంటే మాత్రం నేను జాలిపడను.

కొన్నిసార్లు తప్పు మేనేజర్‌ది కాదు, తెచ్చినవాళ్లది. 2025లో నాటింగ్‌హామ్ ఫారెస్ట్ చూడండి. వెనక గట్టిగా కాచుకుని, అదను చూసి దూసుకెళ్లే ఆటతో మేనేజర్ నునో జట్టుని 7వ స్థానానికి తెచ్చాడు. ఆయన్ని పంపేసి, డిఫెన్సుని మైదానం మధ్యకి తోసి ఆడించే పోస్టెకోగ్లూని తెచ్చారు. 8 మ్యాచ్‌లు, ఒక్క గెలుపూ లేదు, 39 రోజులకే ఇంటికి. ఇడ్లీ పిండి తెచ్చిచ్చి పెసరట్టు వేయమంటే ఎవరు మాత్రం వేస్తారు? అలాంటి చోట మేనేజర్‌ని తీసేసినా, ఆ ఎంపిక చేసినవాళ్లు కుర్చీల్లోనే ఉంటారు. (మన హైదరాబాద్ ఎఫ్‌సీ కూడా మొదటి సీజన్ మధ్యలో, 2020 జనవరిలో, ఫిల్ బ్రౌన్‌ని తీసేసింది. అయినా 10 పాయింట్లతో ఆఖరి స్థానమే. 2022లో ఇండియన్ సూపర్ లీగ్ కప్పు వచ్చిందంటే అది మనోలో మార్కెజ్ రెండు సీజన్లు కూర్చుని కట్టుకున్న జట్టు వల్ల.)

క్యాలెండర్ కూడా చూడండి. ఆటగాళ్లని కొనే గడువు ఆగస్టు ఆఖరున ముగిస్తే, మా క్లబ్బు సెప్టెంబరు 11న మేనేజర్‌ని తీసేసింది. వచ్చేవాడు జనవరి దాకా ఒక్కణ్ణి కూడా కొనలేడు. తీసేయాలనుకుంటే గడువుకి ముందే తీసేయాలి, లేదంటే జనవరి దాకా ఓపిక పట్టాలి. మధ్యలో పీకడమంటే వెళ్లేవాడికి పరిహారం కట్టి, వచ్చేవాడి చేతులు కట్టేయడమే.

ఇవన్నీ రాసుకున్నాక కాగితం కింద ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈయన వెళ్లిన మర్నాడు మారేది ఏమిటి? "ఏదో ఒకటి మారుతుంది" అనేది జవాబు కాదు. పేరు పెట్టి చెప్పగలగాలి.

డి బోర్ తర్వాత మాకు వచ్చినాయన రాయ్ హాడ్జ్‌సన్. డెబ్బై ఏళ్లవాడు, పుట్టింది క్రాయిడన్‌లోనే. మొదటి మూడు మ్యాచ్‌లూ ఓడాం: సౌతాంప్టన్ 0-1, మాంచెస్టర్ సిటీ 0-5, మాంచెస్టర్ యునైటెడ్ 0-4. డి బోర్‌వి కలిపి మొత్తం ఏడు ఓటములు, సున్నా గోల్స్. ఇంగ్లండ్ పై లీగ్‌లో అలా మొదలుపెట్టిన జట్టు అంతకుముందు లేదు. అక్టోబరు 14న చాంపియన్ చెల్సీ వచ్చింది. ఆ రోజే జాహా తిరిగొచ్చాడు. 2-1తో గెలిచాం, రెండో గోల్ అతనిదే. నేను చూశానంటే అబద్ధమే. మేము కూర్చునే ఆర్థర్ వెయిట్ స్టాండులో పైకప్పు స్తంభాలు అడ్డం, చుట్టూ జనం ఎగిరితే నేనూ ఎగిరాను.

ఆ సీజన్ 11వ స్థానంలో ముగించాం. పక్క సీటు పెద్దాయన ఇప్పటికీ "రాయ్ లేకపోతే మునిగేవాళ్లం" అంటాడు. డి బోర్‌ని ఆ చెల్సీ మ్యాచ్ దాకా, జాహా వచ్చేదాకా ఉంచాల్సిందని నేనంటాను. మూడు మ్యాచ్‌లు ఆగితే పోయేది, హాడ్జ్‌సన్ చేతిలోనూ పోనే పోయింది కదా. ఆయన ఒప్పుకోడు. ఆ చెల్సీ మ్యాచ్ రోజూ అదే వాదన పెట్టుకుంటూ స్టేడియం బయటికొచ్చాం. గెలిచినా సెయిన్స్‌బరీస్‌లోకి వెళ్లాల్సొచ్చింది. ఇంట్లో పెరుగు నిజంగానే అయిపోయింది.