సబ్‌వూఫర్ బూమ్ ఇలా తగ్గించా

మా హాలు పొడవు 14 అడుగులు, సబ్‌వూఫర్ (బాస్ కోసం పెట్టే స్పీకర్, ముద్దుగా సబ్) టీవీ పక్కన మూలలో ఉండేది, బాస్ వచ్చిందంటే ఒక్క నోటే గుయ్యిమని మోగేది, మిగతావి సోఫా దగ్గర వినపడేవే కాదు. ఆర్‌ఈడబ్ల్యూ అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, యూఎస్‌బీ మైక్ పెట్టి స్వీప్ (కింది నుంచి పైదాకా ఫ్రీక్వెన్సీలన్నీ వరసగా మోగించే టోన్) కొడితే గ్రాఫ్‌లో 40 హెర్ట్జ్ దగ్గర పెద్ద గుట్ట, 65 దగ్గర గొయ్యి. లెక్క కూడా కుదిరింది, శబ్దవేగం సెకనుకి 343 మీటర్లు, దాన్ని గది పొడవుకి (మీటర్లలో) రెట్టింపుతో భాగిస్తే దాదాపు 40, అంటే పొడవు వల్ల గది తనంతట మోగే ఫ్రీక్వెన్సీ, మోడ్ అంటారు.

ఈక్వలైజర్‌తో గుట్టని కోయొచ్చు గానీ గొయ్యి పూడ్చలేం, అక్కడ తరంగాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, ఎంత బూస్ట్ ఇచ్చినా ఆంప్‌కి శ్రమే. అందుకే ముందు ప్లేస్ సంగతి చూశా. సబ్‌ని సోఫాలో నేను కూర్చునే చోట పెట్టి, బాస్ టోన్లు ప్లే చేసి గోడల వెంబడి నేలమీద పాక్కుంటూ విన్నా (ఏం పోగొట్టుకున్నారండీ అంది మా ఆవిడ), ఎక్కడ సమంగా వినపడిందో సబ్ అక్కడికే మార్చా, పక్క గోడకి మధ్య నుంచి కాస్త ఇవతల. పొడవుకి మధ్యలో ఉంటే ఆ 40 మోడ్ అంతగా రేగదు మరి.

సోఫాని కూడా వెనక గోడ నుంచి ముందుకి లాగా. మిగిలిన గుట్టకి డీఎస్పీలో (సౌండ్‌ని డిజిటల్‌గా సవరించే ప్రాసెసర్) ఒక్కటే ఫిల్టర్, మైనస్ 6 డెసిబెల్. క్రాసోవర్ (సబ్‌కీ మిగతా స్పీకర్లకీ పని పంచే ఫ్రీక్వెన్సీ) 80 హెర్ట్జ్, సబ్ తరంగాల్ని మిగతా స్పీకర్లతో కలిపే ఫేజ్ నాబ్ తిప్పుతూ ఆ 80 దగ్గర లెవెల్ ఎక్కువొచ్చిన చోట ఆపేశా. 65 దగ్గర చిన్న పల్లం ఇంకా ఉంది, రెండో సబ్ కొంటే తగ్గొచ్చు, బడ్జెట్టే ఒప్పుకోవట్లేదు.