నర్సరీ మొక్కను అక్వేరియంలో బతికించడం ఎలా?

అక్వేరియం కోసం కొనే క్రిప్టోకొరైన్, అమెజాన్ స్వోర్డ్, రొటాలా, హైగ్రోఫిలాలను నర్సరీల్లో ఎక్కువగా నీటి పైనే, తేమ గాలిలో పెంచుతారు. అంటే మీ చేతికొచ్చేది నీటి బతుకు ఇంకా ఎరగని మొక్క. వాలిస్నేరియా మాత్రం మొదటి నుంచీ నీటి అడుగునే పెరుగుతుంది.

కత్తెర, పట్టకారు, కడిగిన ఇసుక, లైటుకు టైమర్ ఉంటే చాలు. వేళ్ల చుట్టూ ఉన్న దూది లాంటి పీచు తీసేసి, పొడవాటి వేళ్లను కాస్త కత్తిరించి నాటండి. రొటాలా, హైగ్రోఫిలా లాంటి కాడ మొక్కలను గుత్తిగా గుచ్చకండి, ఒక్కో కాడకీ చోటివ్వండి. అనుబియాస్ అనే మొక్క దుంపను ఇసుకలో పూడిస్తే కుళ్ళిపోతుంది, రాయికి దారంతో కట్టండి. లైటు రోజుకు 6 గంటలే.

ఇక అందరూ చెడగొట్టేది ఇక్కడే. వారం, పది రోజుల్లో ఆకులు గాజులా పల్చబడి కరిగిపోతాయి. క్రిప్టోకొరైన్ అయితే ఒక్కోసారి మొత్తం బోడి అవుతుంది. టెన్షన్ పడి మొక్కను పీకకండి! చచ్చిందనుకుని పారేసిన మొక్కల వేళ్లు తెల్లగా, గట్టిగా ఉండటం ఎన్నిసార్లు చూశానో. గాలిలో పెరిగిన ఆకుకు మైనపు పూత ఉంటుంది, పత్రరంధ్రాలతో గాలి పీల్చుకుంటుంది. నీటిలో కార్బన్ డయాక్సైడ్ కదలిక గాలిలో కన్నా సుమారు 10,000 రెట్లు నెమ్మది. ఆ ఆకు అక్కడ పనికిరాదు. అందుకే మొక్క దాన్ని వదిలేసి, పూత దాదాపు లేని పల్చటి ఆకు వేస్తుంది. హైగ్రోఫిలా డిఫార్మిస్‌ను చూడండి: నీటి పైన రంపపు అంచున్న నిండు ఆకు, నీటి కింద ఈకలా చీలిన ఆకు. రెండూ ఒకే మొక్కవంటే నమ్మడం కష్టం.

నాటే ముందే ఆకులన్నీ కత్తిరించెయ్యమని కొందరు చెబుతారు. నేను ఒప్పుకోను. కొత్త చిగురుకు బలం ఆ పాత ఆకుల్లోంచే రావాలి. కరిగిన ఆకును మాత్రం ఏ రోజుది ఆ రోజే తీసెయ్యండి, కుళ్ళితే అమోనియా పెరిగి చేపలకు ముప్పు. వారానికి రెండుసార్లు కొంత నీరు మార్చండి. ఎరువు పెంచకండి, దాన్ని వాడుకునే ఆకులు లేనప్పుడు అది నాచుకే మేత. మొక్కను అటూ ఇటూ మార్చడమూ వద్దు, వేరు కదిలితే లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

మూడు, నాలుగు వారాలకు కొత్త చిగుళ్లు కనిపిస్తాయి. కాడ మొక్కల్లో కొత్త ఆకులున్న పైభాగం నాలుగు వేళ్ల పొడవు పెరిగాక కణుపు కింద కత్తిరించి మళ్లీ నాటండి. పాత మొదలు తీసెయ్యండి.