మిగ్-21 ఎఫ్‌ఎల్ నమూనాలో ముందుగా సరిచేయవలసినది కానోపీ

1971 యుద్ధంలో భారత వాయుసేన నడిపిన మిగ్-21 ఎఫ్‌ఎల్‌ను పీఎఫ్‌ఎం (మిగ్-21లోనే మరో రకం) ప్లాస్టిక్ కిట్ నుంచి చిన్న నమూనాగా తయారు చేసేవారు రంగుల జోలికి వెళ్లే ముందే కానోపీని, అంటే పైలట్ కూర్చునే చోటిపై ఉండే పారదర్శక మూతను, మార్చుకోవాలి. పీఎఫ్‌ఎంలో ముందు అద్దం కదలకుండా ఉండి వెనుక మూత పక్కకు తెరుచుకుంటుంది. ఎఫ్‌ఎల్‌లో మాత్రం రెండూ కలిసిన ఒకే మూత ముందువైపు కీలు మీద పైకి లేస్తుంది. అందువల్ల కిట్‌లోని రెండు పారదర్శక భాగాలను అతికించి, లోపల ఎపాక్సీ పుట్టీ (ఆరాక గట్టిపడే ముద్ద) నింపి, చట్రపు గీతలు పూర్తిగా పోయి ముందుభాగం గుండ్రబడే వరకు ఉప్పుకాగితంతో రుద్దితే చక్కని అచ్చు తయారవుతుంది. దీని మీద లాగబోయే ప్లాస్టిక్ రేకు మందం కలుస్తుంది కనుక అచ్చును వెంట్రుకవాసి ఎక్కువగానే అరగదీయండి. ఆపై పలుచని పారదర్శక ప్లాస్టిక్ రేకును వేడిచేసి దాని మీద గట్టిగా లాగి, చల్లారాక కత్తిరించుకోవాలి. మూత లోపల ఏటవాలుగా నిలిచే దళసరి రక్షణ అద్దాన్ని చిన్న ముక్కతో తప్పక అమర్చండి. ఎఫ్‌ఎల్ ముఖకవళిక నిజానికి అందులోనే ఉంది.

ఎఫ్‌ఎల్‌కు అంతర్గత ఫిరంగి లేదు. 1971 డిసెంబరు 12న కచ్ సింధుశాఖపై పాకిస్తాన్ ఎఫ్-104 యుద్ధవిమానాన్ని కూల్చినది కడుపు కింద తగిలించిన జీపీ-9 పాడ్ (ఫిరంగిని ఉంచే తొడుగు) లోని 23 మి.మీ. జంటగొట్టాల ఫిరంగి కనుక, దాన్ని కూల్చిన మిగ్-21నే చేయదలిస్తే అక్కడ ఇంధన ట్యాంకు పెట్టకూడదు.