పొలంలో టవరు వద్దంటున్నారా? లక్షణాన్ని బట్టి వైద్యం

రాయలసీమ ఎండతో, గాలితో పుట్టిన కరెంటు విజయవాడ, గుంటూరు వంటి చోట్లకు చేరాలంటే హైటెన్షన్ లైన్లు ఎవరో ఒకరి పొలం మీదుగా రావాల్సిందే. సోలారు వద్దన్న రైతును నేను చూడలేదు. గొడవలన్నీ వేరే చోట పుడతాయి. లైను వేసే సంస్థ సిబ్బందికి ఈ వైద్యం.

లక్షణం: పాతిన సర్వే రాళ్లు తెల్లారేసరికి మాయం.

కారణం: కబురు కన్నా రాయి ముందు వచ్చింది. 2003 విద్యుత్ చట్టం 164వ సెక్షన్ కింద అధికారం పొందిన సంస్థకు 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం అండగా ఉంటుంది. యజమాని ఒప్పుకోకపోయినా, కలెక్టరు ఉత్తర్వుతో పని సాగించవచ్చు. ఉత్తర్వుతో ఇక్కడ టవరు లేస్తుంది, పక్క ఊళ్లో రాళ్లు లేస్తాయి.

పరిష్కారం: సర్వే నంబర్లతో సహా రెండు మూడు దారుల పటాలను ముందే గ్రామసభలో పరచండి. గట్టు మీదికి జరపగలిగిన టవరును జరపండి. జరపలేనిదైతే ఎందుకో అక్కడే చెప్పండి.

లక్షణం: "టవరు పక్కవాడి చేలో, తీగలు నా నెత్తిన. డబ్బు మాత్రం వాడికే."

అన్నిటికన్నా మొండి జబ్బు ఇదే. భూమి రైతు పేరునే ఉంటుంది, పంటా వేసుకోవచ్చు. కానీ తీగల కింద ఇల్లు కట్టలేడు, కొబ్బరి, మామిడి పెంచలేడు, అమ్మబోతే ధర పలకదు. నగరం అంచున, రేపు ప్లాట్లవుతుందనుకున్న భూమికి ఇది చిన్న దెబ్బ కాదు.

2024 జూన్‌లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం టవరు అడుగు స్థలానికి భూమి విలువలో 200 శాతం, తీగల కింది పట్టీకి 30 శాతం పరిహారం ఇవ్వాలి. పట్టణ ప్రాంతాల పట్టీకి 2025 మార్చిలో ఈ శాతం పెంచారు. 400 కేవీ (నాలుగు లక్షల వోల్టుల) డబుల్ సర్క్యూట్ లైనుకు, అంటే ఒకే టవరు మీద రెండు లైన్లు మోసేదానికి, పట్టీ వెడల్పు సాధారణంగా 46 మీటర్లు. ఒక చేను మీద అది 200 మీటర్లు సాగితే దాదాపు రెండుంబావు ఎకరాలు. ఎకరం 40 లక్షలనుకుంటే 30 శాతం చొప్పున రమారమి 27 లక్షలు. ఈ లెక్కను రైతు ముందు కాగితం మీద వేసి చూపండి. రిజిస్ట్రేషన్ విలువా, మార్కెట్ విలువా అన్న పేచీని టవరు గుంత తవ్వకముందే తేల్చుకోండి. తవ్వాక బేరమాడితే నమ్మేవారుండరు.

లక్షణం: చెక్కులు అందాయి, అయినా పొక్లెయిన్‌కు అడ్డంగా మనుషులు.

వారు కౌలుదార్లు. భూమి పరిహారం యజమాని ఖాతాకు పోయింది, నలిగిన మిర్చి మాత్రం వీరిది. పంట నష్టం వేరే పద్దు. సాగు చేస్తున్న మనిషి పేరుతో, చేలో నిలబడి పంచనామా రాయండి. కోతల వేళ యంత్రాలు దింపకండి. ఏప్రిల్, మే నెలల్లో చాలా చేలు ఖాళీగా ఉంటాయి, ఆ మాత్రం ఓపిక పట్టవచ్చు.

లక్షణం: "తీగల కింద ఉంటే జబ్బులట."

నవ్వి కొట్టిపారేయకండి. లైన్ల నుంచి వెలువడే అయస్కాంత క్షేత్రాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2002లో "క్యాన్సర్ కారకం కావచ్చు" అన్న వర్గంలో చేర్చింది, రుజువైందని అనలేదు. సామాన్య ప్రజలకు అంతర్జాతీయ పరిమితి 200 మైక్రోటెస్లాలు (ఆ క్షేత్రం బలాన్ని కొలిచే ప్రమాణం). నడుస్తున్న లైను దగ్గరికి ఊరివారిని తీసుకెళ్లి, తీగ బాగా వేలాడే చోట ఆ క్షేత్రాన్ని కొలిచే మీటరు వారి చేతికే ఇవ్వండి. వానలో వినిపించే బుసబుస తీగ చుట్టూ గాలిలో జరిగే విద్యుత్ విడుదల. ఇనుప కంచె ముట్టుకుంటే జిల్లుమంటే ఎర్తింగు వేయించండి.

లక్షణం: "మా ఊళ్లో కరెంటు పోతూనే ఉంది, మాకెందుకీ లైను?"

ఆ లైను నుంచి నేరుగా ఊరికి కరెంటు ఇవ్వలేరు. సబ్‌స్టేషన్‌లో వోల్టేజి తగ్గించాకే పంపిణీ. ఇస్తామని అబద్ధం ఆడకండి. అరిగిపోయిన ఊరి ట్రాన్స్‌ఫార్మర్‌ను మార్పించండి, టవరు సంగతి తరువాత మాట్లాడవచ్చు.